ఏజెంట్ లైబ్రరీకి విడిగా నడిచే వెబ్ ఏపీఐ: కోర్‌లోనా, పక్కనా?

రాయగడ_స్టాకు:
మన ఏజెంట్లు (అడిగిన పని తమంతట చేసిపెట్టే ప్రోగ్రాములు) సందేశాలు పంపుకునే లైబ్రరీతో మాట్లాడాలంటే అవతల కూడా పైథానూ, ఇదే లైబ్రరీ ఉండాలి. రాయగడ గిడ్డంగిలో స్టాకు చూసే ఏజెంటును పార్వతీపురం కొట్లోని నోడ్ బిల్లింగు ప్రోగ్రాం అడగాలంటే దారే లేదు. 'సర్వ్' అని ఒక్క కమాండు కొడితే విడిగా హెచ్‌టీటీపీ ప్రాసెస్ లేవాలి, జేసన్ పోస్ట్ చేస్తే ఏజెంటుకు చేరాలి. అదీ కోర్‌లోనే, అంటే లైబ్రరీ అసలు భాగంలోనే ఉండాలంటాను. పక్క ప్యాకేజీ అయితే కొన్నాళ్లకు వెర్షన్లు పొసగవు.

బరంపురం_బ్యాకెండ్:
అవసరం కాదనను, కోర్‌లో వద్దంటున్నా. లైబ్రరీని తమ యాప్‌లో కలుపుకున్నవాళ్లకు సర్వరూ, రౌటరూ అంటగట్టడం ఎందుకు? పైగా ఈవెంట్ లూప్ (అసింక్ పనులను వంతులవారీగా నడిపేది) ఎవరిది? సర్వర్ ఒక లూప్ నడుపుతుంటే, ఏజెంటు స్టార్ట్‌లో మళ్లీ అసింక్‌ఐఓ రన్ (కొత్త లూప్ తెరిచే పైథాన్ ఫంక్షన్) పిలిస్తే రన్‌టైమ్ ఎర్రర్ వచ్చి అక్కడే ఆగిపోతుంది. కోర్ ఎక్కడా సొంతంగా లూప్ తెరవకూడదు, ఏజెంటును సర్వర్ లైఫ్‌స్పాన్ హుక్‌లోంచి (సర్వర్ లేచేటప్పుడూ, ఆగేటప్పుడూ నడిచే కోడ్) లేపాలి. కోర్‌లో చేయాల్సిన పని అది.

గుణుపురం:
అసలు చిక్కు ఇద్దరూ వదిలేశారు. ఏజెంటు జవాబుకు 2 సెకన్లు పట్టొచ్చు, 5 నిమిషాలూ పట్టొచ్చు. పోస్ట్‌ను పట్టుకుని కూర్చుంటే ముందున్న ప్రాక్సీ సర్వర్ ఇంజిన్‌ఎక్స్ డిఫాల్టుగా 60 సెకన్లకు 504 (టైమౌట్) ఇచ్చేస్తుంది. లోపల పని మాత్రం నడుస్తూనే ఉంటుంది. క్లయింటు మళ్లీ పంపుతుంది, ఒకే ఆర్డరు రెండుసార్లు పడుతుంది. అందుకని వెంటనే 202 (తీసుకున్నాం, పని ఇంకా కాలేదు) ఇచ్చి, లొకేషన్ హెడర్‌లో టాస్క్ చిరునామా పెట్టాలి. సందేశం ఐడీ పంపేవాడే తయారుచేయాలి, మన పట్టికలో దానికి యునీక్ ఇండెక్స్ ఉండాలి. అదే ఐడీ మళ్లీ వస్తే పాత టాస్కే చూపాలి. ఐడీ అదే అయి లోపలి విషయం మారితే 422 (ఇది చేయలేం) ఇవ్వాలి.

జవాబును ముక్కలుగా పంపే స్ట్రీమింగు పెడితే ప్రాక్సీ బఫరింగ్ (పోగుచేసి పంపడం) ఆపాలి. లేకపోతే ముక్కముక్కగా రావాల్సినవి చివర్లో ఒక్కసారే వచ్చి పడతాయి. 15 సెకన్లకోసారి కోలన్‌తో మొదలయ్యే కామెంటు లైను పంపితే టైమౌట్ బాధా ఉండదు.

పర్లాకిమిడి:
టెస్టుల మాటేమిటి? ఇక్కడ సందేశాలు తెలుగులోనూ, ఒడియాలోనూ వస్తాయి. జావాస్క్రిప్టులో 'బస్తాలు' పొడవు 7 అని వస్తుంది. యూటీఎఫ్-8లో అది 21 బైట్లు. చేత్తో రాసిన క్లయింటు బైట్లకు బదులు ఆ 7 పొడవునే కంటెంట్ లెంగ్త్‌లో (ఎన్ని బైట్లు వస్తాయో చెప్పే హెడర్) పెడితే సర్వర్ అంతవరకే చదువుతుంది, జేసన్ మధ్యలో తెగుతుంది. మిగిలిన బైట్లు అదే కనెక్షన్‌లో తర్వాతి రిక్వెస్టుగా చదవబడి 400 (తప్పు రిక్వెస్టు) వస్తుంది. ఇంగ్లిష్‌తో పరీక్షిస్తే జన్మలో బయటపడదు. పైథాన్ జేసన్ డంప్స్ ఆస్కీ (ఇంగ్లిష్) కాని అక్షరాలను ఎస్కేప్ చేసి ఆస్కీగా మార్చేస్తుంది గనక అందులో రాసిన టెస్టుకీ దొరకదు. రెండు లిపుల సందేశాలూ టెస్టుల్లో ఉండాల్సిందే.

రాయగడ_స్టాకు:
చూశారుగా, 202, ఐడీ, 422 ఎవరి అడాప్టర్‌లో వాళ్లు రాసుకుంటే ఎవరిష్టం వాళ్లది అవుతుంది. అందుకే కోర్ అన్నాను.

బరంపురం_బ్యాకెండ్:
ఆ నియమాలూ, టెస్టులూ కోర్‌లో పెట్టండి. సర్వర్ మాత్రం అదే రిపోలో 'వెబ్' ఎక్స్‌ట్రాగా (కావాలన్నవాళ్లే ఇన్‌స్టాల్ చేసుకునే భాగం) ఉండనీ, రెండూ ఒకే ట్యాగుతో విడుదలైతే వెర్షన్ల గొడవే రాదు. ఏజెంట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏటూఏ ప్రోటోకాల్ పైథాన్ ఎస్‌డీకే కూడా హెచ్‌టీటీపీ సర్వర్‌ను ఎక్స్‌ట్రాగానే ఇస్తోంది. అసలు సొంత జేసన్ రూపం ఎందుకు? గూగుల్ 2025 ఏప్రిల్‌లో ప్రకటించి, తర్వాత లినక్స్ ఫౌండేషన్‌కు ఇచ్చిన ప్రోటోకాల్ అది. జేసన్-ఆర్‌పీసీ, జీఆర్‌పీసీ, మామూలు హెచ్‌టీటీపీ మూడూ అందులో ఉన్నాయి. మనం కొత్తగా కనిపెట్టి బావుకునేది ఏముంది?

గుణుపురం:
ఎక్స్‌ట్రాకు సరే. కానీ టాస్కులు ఎక్కడ దాస్తారు గురూ? మెమరీలో దాచి 4 వర్కర్లు (వేరువేరు సర్వర్ ప్రాసెస్‌లు) పెడితే, పోస్ట్ ఒకదానికి, గెట్ ఇంకోదానికి వెళ్లి 404 వస్తుంది. కరెంటు పోతే అన్నీ పోతాయి. డిఫాల్టు ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్లో ఉండే డేటాబేస్), వాల్ మోడ్‌లో (మార్పులు ముందు విడి లాగ్ ఫైల్లో రాసే పద్ధతి).

బరంపురం_బ్యాకెండ్:
నెట్‌వర్క్ షేర్ మీద వాల్ మోడ్ పనిచేయదు, రెండు మెషీన్లలో పెట్టినవాడు వచ్చి మనల్నే తిడతాడు. డిఫాల్టు మెమరీ, ఒకే వర్కరు. ఎక్కువ వర్కర్లు అడిగితే, టాస్కులు దాచే స్టోరు ఏదో చెప్పేదాకా సర్వర్ లేవకూడదు.

పర్లాకిమిడి:
స్టోరు సంగతి తేలేలోపు ఇంకోటి. డిఫాల్టుగా సర్వర్ 127.0.0.1 మీదే (అదే మెషీన్ నుంచి వచ్చేవే) వినాలి. 0.0.0.0 (బయటి మెషీన్లకూ తెరవడం) అడిగి, పాస్‌వర్డు లాంటి టోకెన్ ఇవ్వకపోతే ప్రాసెస్ లేవకూడదు. వార్నింగు ఎవడూ చదవడు.