0.001 మోలార్ ఎసిటిక్ ఆమ్లం పీహెచ్ 3.87 కాకుండా 3.90 ఎందుకు అవుతుంది?

ప్రశ్న (ఇంటర్ విద్యార్థిని):
నమస్కారమండీ. 25 డిగ్రీల వద్ద ఎసిటిక్ ఆమ్లం అయనీకరణ స్థిరాంకం (ఆమ్లం ఏ మేరకు అయాన్లుగా విడిపోతుందో చెప్పే సంఖ్య) 1.8 × 10⁻⁵. దాన్ని గాఢతతో గుణించి వర్గమూలం తీస్తే వచ్చే హైడ్రోజన్ అయాన్ల గాఢతకు రుణ సంవర్గమానం వేస్తే 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) ద్రావణానికి పీహెచ్ 2.87 వచ్చింది, పుస్తకంలోనూ అంతే ఉంది. అదే పద్ధతిలో 0.001 మోలార్‌కు 3.87 వస్తోంది గాని, పుస్తకం 3.90 అంటోంది. మూడుసార్లు సరిచూశాను. పొరపాటు ఎక్కడ జరిగిందో దయచేసి చెప్పగలరా?

జవాబు 1 (రసాయనశాస్త్ర అధ్యాపకుడు):
నీ గుణకారంలో తప్పు లేదమ్మా. సమతాస్థితి సమీకరణం హారంలో ఉండవలసింది అయనీకరణం చెందకుండా మిగిలిన ఆమ్లం గాఢత. విడిపోయింది స్వల్పమే కదా అని దాని స్థానంలో మొత్తం గాఢతను వేసుకున్నప్పుడే వర్గమూలం సూత్రం వస్తుంది. ఆ షరతు చెప్పకుండా సూత్రాన్ని మాత్రమే బట్టీ పట్టించడం పిల్లలకు అన్యాయమని నా అభిప్రాయం. మా తరగతిలో జవాబు పక్కనే పెన్సిల్‌తో శాతం వేయిస్తాను: మొదటి లెక్కలో 0.1లో విడిపోయింది 0.00134, అంటే 1.34 శాతం, రెండోదానిలో 0.001లో 0.000134, అంటే 13.4 శాతం. 5 శాతం దాటితే వర్గ సమీకరణాన్నే సాధించాలి (ఎక్స్ అంటే హైడ్రోజన్ అయాన్ల గాఢత):
ఎక్స్² + (1.8 × 10⁻⁵) ఎక్స్ − 1.8 × 10⁻⁸ = 0
ధన మూలం 1.25 × 10⁻⁴, పీహెచ్ 3.90.

జవాబు 2:
ఇంకా పలుచన చేసి చూడండి. 10⁻⁵ మోలార్‌కు వర్గమూలం పద్ధతి 1.34 × 10⁻⁵ ఇస్తుంది, అంటే మనం వేసిన ఆమ్లం కంటే వచ్చిన హైడ్రోజన్ అయాన్లే ఎక్కువ! వర్గ సమీకరణం 7.2 × 10⁻⁶ ఇస్తుంది, పీహెచ్ సుమారు 5.15. పలుచన చేసేకొద్దీ విడిపోయే భాగం పెరుగుతుందని రసాయన శాస్త్రవేత్త ఆస్ట్‌వాల్డ్ 1888లోనే చూపించారు.

విద్యార్థిని:
ధన్యవాదాలు సార్, ఇప్పుడు అర్థమైంది. వర్గ సమీకరణం వాడితే ఎప్పుడూ సరైన జవాబే వస్తుందా?

జవాబు 1 (అధ్యాపకుడు):
ఎప్పుడూ రాదమ్మా. స్థిరాంకం 4.9 × 10⁻¹⁰ ఉన్న హైడ్రోసయనిక్ ఆమ్లాన్ని 10⁻⁵ మోలార్‌గా తీసుకుంటే వర్గ సమీకరణం కూడా 7.15 ఇస్తుంది, ఆమ్లం కలిపిన నీరు క్షారమైనట్టు. ఇక్కడ నీటి సొంత అయనీకరణాన్ని వదిలేయకూడదు. వర్గమూలం లోపల 4.9 × 10⁻¹⁵కు నీటి అయానిక లబ్ధం (నీటిలోని హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢతల లబ్ధం) 10⁻¹⁴ను కలిపితే హైడ్రోజన్ అయాన్ల గాఢత 1.22 × 10⁻⁷, పీహెచ్ 6.91 వస్తాయి.