ఊళ్లో ఆపిన కారులో ఎలుకలు, ఏం చేయాలి?

మాది తెనాలి దగ్గర పల్లె. నేనుండేది హైదరాబాద్‌లో. కారు మూడు నెలలుగా ఊళ్లో షెడ్డులోనే ఉంది. సంక్రాంతికి వెళ్లి బానెట్ ఎత్తితే బ్యాటరీ పక్కన వరిగడ్డి, గోనెపీచు, సీటు స్పాంజి ముక్కలతో గూడు! వైర్లు రాగి కనపడేలా కొరికేశాయి. మెకానిక్‌కి తొమ్మిది వేలు సమర్పించుకున్నాను. పక్కనే ధాన్యం బస్తాలున్నాయి. అదేనా కారణం?

జవాబు: అదేనండీ. పక్కన తిండి పెట్టుకుని ఎన్ని మందులు కొట్టినా దండగే.

జవాబు: పొగాకు కాడలు పెట్టమంటే నేనూ పెట్టాను. వారానికే ఘాటు పోయింది, ఎలుకలు వాటి పక్కనే కాపురం పెట్టాయి. ఏసీకి గాలి వెళ్లే చోట పావు అంగుళం ఇనుప జాలీ వేయించండి. చుంచెలుక పెన్సిల్ పట్టేంత సందులోంచి కూడా దూరుతుంది. సైలెన్సర్‌లో గుడ్డ కుక్కితే స్టార్ట్ చేసేముందు తీయండి. మా బావ మర్చిపోయాడు.

జవాబు: మందు బిళ్లలు మాత్రం వద్దు తమ్ముడూ. తిన్నది డాష్‌బోర్డు వెనక చచ్చింది. రెండు వారాలు అద్దాలు దించుకునే తిరిగాం.

అడిగినవారు: థాంక్సండీ. బస్తాలు కదపనంటున్నారు నాన్న. కారునే వేపచెట్టు కిందికి మార్చేశాం.