‘రాజ్యభ్రష్ట యువరాజు’ అనవచ్చునా?

హైదరాబాదును ఏలిన నిజాం ఉస్మాన్ అలీఖాన్ మనవడు ముకర్రం జా జీవితం గురించి రాస్తూ ఆయనను ‘రాజ్యభ్రష్ట యువరాజు’ అనవచ్చునా అని అడిగారు. నా దృష్టిలో ఆ రెండు మాటల్లో ఏదీ ఆయనకు అతకదు.

భ్రంశమంటే జారిపడటమే. నలుణ్ణీ హరిశ్చంద్రుణ్ణీ రాజ్యభ్రష్టులన్నప్పుడు అందులో జాలి ఉందే తప్ప నింద లేదు. అయితే ‘భ్రష్టుపట్టడం’, ‘కులభ్రష్టుడు’ వంటి వాడుకల వల్ల నేటి తెలుగులో ఆ మాటకు మైల అంటుకొంది. జారినవాడు అనే అర్థమే ఉన్న ‘చ్యుతుడు’కు ఆ మరక లేదు, అచ్యుతుడన్న విష్ణునామం నోట నానుతుండటం వల్ల కావచ్చు. 1924 మార్చిలో ఖలీఫా పదవి పోగొట్టుకొని టర్కీ విడిచి వెళ్ళవలసి వచ్చిన రెండవ అబ్దుల్ మజీద్‌ను, అంటే ముకర్రం జా తల్లి దుర్రు షెహ్వార్ తండ్రిని, పదవీచ్యుతుడనడం అన్ని విధాలా సరైనదే.

మనవడి సంగతి వేరు. ఆయన 1933 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో పుట్టారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసేనాటికి ఆయనకు పదిహేనేళ్ళు కూడా నిండలేదు. ఏలినవారు తాతగారైన ఉస్మాన్ అలీఖాన్. తాను ఎన్నడూ ఎక్కని గద్దె మీంచి ఎవరైనా జారిపడేదెలా?

ఇక ‘యువరాజు’ అంటే యౌవరాజ్యం, అంటే ఏలే రాజుకు వారసుడిగా ఉండే పదవి, పొందినవాడు. ఆ మాట చాలాకాలం వారసుడిగా ఉన్న తండ్రి ఆజం జాకు సరిపోతుంది గానీ, ఉస్మాన్ అలీఖాన్ చివరకు కొడుకును కాదని మనవణ్ణి వారసుడిగా ఎంచుకున్నారు. తండ్రి ఏలలేదు కనుక నిక్కచ్చిగా చూస్తే ‘రాజకుమారుడు’ కూడా కుదరదు. ‘రాజపౌత్రుడు’ అనాలి, కానీ అలా రాస్తే పాఠకుడు నిఘంటువు వెతుక్కుంటాడు.

తాతగారు పోయిన 1967లో నిజాం బిరుదు ముకర్రం జాకు వచ్చింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రాజభరణాలతోపాటు ఆ బిరుదుకున్న ప్రభుత్వ గుర్తింపూ రద్దయింది. స్వయంగా ఆయన చేజారినది ఆ గుర్తింపే. కాబట్టి ఆ నాలుగేళ్ళకు ‘నామమాత్రపు నిజాం’ అనీ, మొత్తం జీవితానికి ‘రాజ్యం కోల్పోయిన వంశంలోని వారసుడు’ అనీ రాయండి. అప్పుడు కోల్పోవడమన్న విశేషణం మనిషికి కాక వంశానికి చెందుతుంది. సమాసమే కావాలంటే ‘రాజ్యచ్యుత వంశీయుడు’ ఉండనే ఉంది. ఆయన పశ్చిమ ఆస్ట్రేలియాలో గొర్రెల క్షేత్రం నడిపిన ఏళ్ళ గురించి రాసేటప్పుడైతే ఏ విశేషణమూ అక్కరలేదు.