స్కాన్ బొమ్మలో ఎర్రగా వెలిగితే మెదడు బాగా పనిచేస్తున్నట్టేనా?

గోదారి అమ్మ: మా ఊళ్లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు రెండు మెదడు స్కాన్లు చూపించారు. పెద్దవాళ్ల స్కాన్‌లో నుదుటి వెనక, నడినెత్తి కింద ఎర్రగా ఉంది, పిల్లల దాంట్లో అంత లేదు. మీ పాపకి అక్కడ పని జరగట్లేదు, మేం చేయిస్తాం అంటున్నారు. పాపకి ఎనిమిదేళ్లు. కార్డులు బోర్లించి జతలు వెతికే ఆటలో రోజూ నన్ను ఓడిస్తుంది! ఏది నమ్మాలి?

న్యూరో పీజీ: స్కాన్ల వెనక పరిశోధన నిజమే అండీ. 2002లో స్టాక్‌హోంలో క్లింగ్‌బర్గ్ బృందం 9 నుంచి 18 ఏళ్ల వాళ్లకి గళ్లలో చుక్కలు ఎక్కడెక్కడ వచ్చాయో గుర్తుపెట్టుకోమని ఇస్తే, వయసుతో పాటు ఫ్రాంటల్ (నుదుటి వెనక), పెరైటల్ (నడినెత్తి కింద) భాగాల్లో స్పందన పెరిగింది, ఎక్కువ గుర్తుపెట్టుకున్నవాళ్లలో ఇంకా ఎక్కువ కనబడింది. అదే ఏడు స్టాన్‌ఫర్డ్ వాళ్లు 7 నుంచి 22 ఏళ్ల వాళ్లని చూసినా అంతే. కాబట్టి ఎక్కువ వెలిగిందంటే ఎక్కువ సామర్థ్యం ఉన్నట్టే అంటాను.

విశాఖ టీచర్: అక్కడే నేను ఒప్పుకోను. 2006లో షెర్ఫ్, స్వీనీ, లూనా చూసినప్పుడు పిల్లల్లో ఫ్రాంటల్ పైభాగం తక్కువే, కానీ మెదడు లోపలుండే కాడేట్, ఇన్సులా అనే భాగాలు గట్టిగా పనిచేశాయి. అంటే పని జరగకపోవడం కాదు, వేరే దారిలో జరుగుతోంది. పైగా స్కానర్ చూసేది రక్తంలో ఆక్సిజన్ మార్పుని, తెలివిని కాదు. కొత్తగా స్కూటర్ నేర్చుకునేవాడు హ్యాండిల్ ఎంత బిగించి పట్టుకుంటాడో చూశారుగా, ఎక్కువ శ్రమ పడినా ఎక్కువే వెలగొచ్చు.

న్యూరో పీజీ: దారి వేరైనా ఫలితం తక్కువే కదా. అమ్మా, తొమ్మిది స్టీల్ గ్లాసులు చెదురుమదురుగా బోర్లించి, కొన్నిటిని వరసగా తట్టి, అదే వరసలో తట్టమనండి. పెద్దవాళ్లు ఐదారు దాకా వెళ్తారు. కార్డుల ఆటలో జత కుదరని కార్డు మళ్లీ మళ్లీ కనబడుతుంది, ఇక్కడ కొన్ని సెకన్లు మనసులోనే నిలపాలి.

గోదారి అమ్మ: రాత్రి చేశాం. నేను ఆరు, పాప నాలుగు. ఐదో గ్లాసు దగ్గర వేలు గాల్లోనే ఆగిపోయింది, కళ్లు మాత్రం అన్ని గ్లాసుల మీదా తిరుగుతున్నాయి.

విశాఖ టీచర్: ఆ వయసుకి అది మామూలే, టెన్షన్ పడకండి. ఇక కోచింగ్ సంగతి. 2013లో మెల్బీ-లెర్వాగ్, హ్యూమ్ ఇలా మనసులో నిలుపుకోవడం నేర్పే శిక్షణల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, నేర్పించిన లాంటి ఆటల్లోనే కొంతకాలం మెరుగయ్యారు, చదవడంలో, లెక్కల్లో ఏమీ మారలేదు.

న్యూరో పీజీ: 2004లో ఐదు వారాల శిక్షణ తర్వాత పెద్దవాళ్లలో అవే భాగాల్లో స్పందన పెరిగింది, అది కొట్టిపారేయలేం. కానీ స్కాన్ మారడం వేరు, లెక్కలు రావడం వేరు, అది ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా, ఇలాంటి పరిశోధనల్లో చూపించే బొమ్మలు చాలామంది పిల్లల సగటు. మీ పాపని వాళ్లు స్కానర్‌లో పడుకోబెట్టనే లేదు కదండీ.