మాలర్ రెండో సింఫనీకి వెళ్తున్నాను, ఎక్కడ కూర్చోవాలి?

బెర్లిన్ విద్యార్థి:
వచ్చే నెల బెర్లిన్ ఫిల్హార్మనీ హాల్లో స్వరకర్త గుస్తావ్ మాలర్ రెండో సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పలు భాగాల పెద్ద రచన) ఉంది. ఇన్నాళ్లూ కర్ణాటక కచేరీలే విన్నాను, ఆర్కెస్ట్రాకు ఎదురుగా కూర్చోవడం ఇదే మొదలు. టికెట్టు ముందు వరుసలో తీసుకోవాలా, వెనకా? దాదాపు గంటన్నర సాగుతుందట. ముందే రికార్డింగు వినాలా?

ఆల్టో గొంతు:
జర్మనీలో ఒక ఔత్సాహిక బృందంలో పాడతాను. ఈ సింఫనీ కోరస్‌లో పాడినదాన్ని కాబట్టి నా సలహాలో కొంత పక్షపాతం ఉంటుంది. ముందు వరుసలు వద్దండీ, అక్కడ వయొలిన్లే చెవులు నింపేస్తాయి. ఎదురుగా పైనున్న బ్లాకులు చూడండి. ఆర్కెస్ట్రా వెనక చవక బల్లలు మామూలు రోజుల్లో మంచివే కానీ, కోరస్ ఉన్నప్పుడు అవి మాకే.

అందరూ చివరి హోరు గురించే చెబుతారు. పది హార్న్‌లు (ఇత్తడి బూరలు), ఆర్గన్, గంటలు కలిస్తే నేల అదిరే మాట నిజమే. నేనైతే దానికి ముందు నిమిషాల కోసం వెళ్లమంటాను. ఐదో భాగంలో వేదిక బయట ఎక్కడినుంచో హార్న్‌లు, ట్రంపెట్లు పిలుస్తాయి. లోపల ఫ్లూటు, పికోలో అనే చిన్న ఫ్లూటు పిట్టల్లా బదులిస్తాయి. ఆ వెంటనే మేము. గంటకు పైగా దగ్గు మింగుకుని కూర్చున్నవాళ్లం, లేవకుండానే, గుసగుసకు కాస్త పైస్థాయిలో మొదలుపెట్టాలి. గొంతెత్తి పాడమంటే ఎవరైనా పాడతారు. ఎండిన గొంతుతో ఇంత మెల్లగా శ్రుతి నిలపడమే గండం!

మృదంగం చెవి:
కచేరీలో తని ఆవర్తనం (తాళవాద్యాల సోలో) కాగానే కొట్టినట్టు ఇక్కడ భాగాల మధ్య చప్పట్లు కొట్టకండి. మొదటి భాగం తర్వాత కనీసం ఐదు నిమిషాలు ఆగాలని మాలరే స్కోరులో (స్వరలిపి ప్రతిలో) రాశాడు. ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్లు చాలామంది అంతసేపు ఆగరు, నాకది నచ్చదు. ఇరవై నిమిషాలకు పైగా సాగే ఆ అంత్యక్రియల సంగీతం నుంచి రెండో భాగపు నాట్య లయలోకి అంత తొందరగా ఎలా దూకుతాం? అన్నట్టు, ఈ సింఫనీ పూర్తిగా తొలిసారి వినిపించింది మీ ఊళ్లోనే, 1895 డిసెంబరులో.

ఆల్టో గొంతు:
రికార్డింగు మీ ఇష్టం, పాటల అర్థం మాత్రం చదివి వెళ్లండి. ముగింపు తోచక ఆగిపోయిన మాలర్‌కు, 1894లో హాంబర్గ్‌లో కండక్టర్ హాన్స్ ఫాన్ బ్యూలో అంత్యక్రియల్లో జర్మన్ కవి క్లోప్‌స్టాక్ గీతం వినగానే దారి దొరికింది. మొదటి భాగాన్ని పియానో మీద వినిపిస్తే చెవులు మూసుకున్న పెద్దమనిషీ ఆ బ్యూలోనే! కోరస్‌లో మొదటి చరణాలు క్లోప్‌స్టాక్‌వి, మిగతావి మాలర్ సొంతం.

ఇంకొకటి. దగ్గు బిళ్ల తీసుకెళ్తే, దాని కాగితం ఇంట్లోనే విప్పేయండి.