కరోలిన్ హెర్షెల్ బొమ్మల పుస్తకం: పిల్లలకి ఎలా చెప్పారు?

చిన్నూవాళ్ళమ్మ:
మా పాపకి 6 ఏళ్ళు. టెలిస్కోపుతో తోకచుక్కలు కనిపెట్టిన కరోలిన్ హెర్షెల్ మీద ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చాం. బొమ్మలు చూపిస్తూ తెలుగులో చెప్పుకుపోతున్నాను. మొదట్లోనే ఆగిపోయాను. కరోలిన్‌కి పదేళ్ళప్పుడు టైఫస్ జ్వరం వచ్చి ఎదుగుదల నిలిచిపోయింది, 4 అడుగుల 3 అంగుళాలు దాటలేదు. ఇక దీనికి పెళ్ళి కాదులే అని తల్లి ఇంటి చాకిరీకి పెట్టుకుంది. పడుకోబెట్టే ముందు ఇదంతా చెప్పొచ్చా? మీరు దాటేశారా?

రెండోతరగతి_టీచర్:
దాటేయకండి. నేను గోడ మీద 4 అడుగుల 3 అంగుళాల దగ్గర సుద్దముక్కతో గీత గీశాను. ఒక్కొక్కరూ వెళ్ళి ఆనుకుని నిలబడ్డారు. జాలి మాటే లేదు, "మరి టెలిస్కోపు ఎలా అందింది?" అన్నారు. ఇంకోటి, ఆవిడకి ఎక్కాలు చివరిదాకా నోటికి రాలేదు, కాగితం మీద రాసి దగ్గర పెట్టుకునేది. అది చెప్పిన మర్నాడు ఎక్కాలు అప్పజెప్పించుకోవడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

డాబామీద_తాత:
మా మనవడికి గుర్తున్నది లద్దె ఒక్కటే. అప్పట్లో టెలిస్కోపు అద్దం లోహంతో పోతపోసేవాళ్ళు, దానికి అచ్చు కావాలి కదా, అది గుర్రపు లద్దెతో చేశారు. దంచి, జల్లించింది ఈవిడే. 1781లో ఇంగ్లాండులోని బాత్ ఊళ్ళో ఇంట్లోనే పోతపోస్తుంటే కరిగిన లోహం కారి, నేల మీది బండలు పేలి పైకప్పు దాకా ఎగిరాయట. ఇది మూడుసార్లు చెప్పించుకున్నాడు.

ఇద్దరాడపిల్లల_నాన్న:
నాకు నచ్చనిది చెప్తాను. అన్నయ్య విలియం అద్దం సానపెడుతుంటే ఈవిడ నోట్లో ముద్దలు పెట్టింది అనే బొమ్మ పేజీ నిండా ఉంది. నిజమే, పెట్టింది. కానీ 1787 నుంచి ఇంగ్లాండు రాజు ఈవిడకి ఏడాదికి 50 పౌండ్ల జీతం ఇచ్చాడన్నది ఒక మూల ఒక్క లైను! అది గట్టిగా చదవండి. అన్నట్టు, తోకచుక్కని కనిపెట్టిన మొదటి స్త్రీ అని రాసుంటే సరిదిద్దండి. 1702లోనే బెర్లిన్‌లో మరియా కిర్ష్ ఒకటి చూసింది, పేరు మాత్రం భర్తకి పోయింది.

రెండోతరగతి_టీచర్:
ఆ మాట బాగుందండీ. కరోలిన్ తన మొదటి తోకచుక్కని చూసింది 1786 ఆగస్టు 1న, అన్నయ్య జర్మనీ వెళ్ళినప్పుడు. వెంటనే తనే ఉత్తరాలు రాసి తెలిసినవాళ్ళకి చెప్పింది.

చిన్నూవాళ్ళమ్మ:
రాత్రి అన్నీ చెప్పేశాను, జ్వరంతో సహా. మా అత్తగారు పక్కనుంచి "తోకచుక్క కనిపిస్తే రాజుకి కీడు" అన్నారు. "అయితే రాజు ఆవిడకి జీతమెందుకిచ్చాడు నాన్నమ్మా?" అంది ఇది. ఆవిడ నవ్వేసి లైటు ఆర్పమన్నారు. డాబా ఎక్కుదామని ఒకటే గొడవ. ఎక్కాం. అంతా మబ్బు.