కిక్‌ఆఫ్ అంటే పని మొదలైనట్టా, పని గురించి మాట్లాడుకున్నట్టా?

కొత్త_లీడ్:
సోమవారం నా మొదటి ప్రాజెక్టు కిక్‌ఆఫ్ మీటింగ్, అదే, ప్రాజెక్టు ఆరంభంలో అందరూ కలిసి కూర్చునేది. క్లయింటు కూడా వస్తున్నారు, టెన్షన్‌గా ఉంది. మా ఆఫీసులో దీని గురించి ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు. మీ దగ్గర ఎలా చేస్తారు?

సెంటర్_సర్కిల్:
కాలేజీలో నాలుగేళ్లు ఫుట్‌బాల్ ఆడాను, ఆ లెక్కలో చెప్తా. అక్కడ ఆట మొదలుపెడుతూ మైదానం మధ్య నుంచి బంతిని తన్నడమే కిక్‌ఆఫ్. టాస్ అయ్యాక రెండు జట్లూ ఎవరి సగంలో వాళ్లుంటారు. ఎదుటి జట్టు బంతికి కనీసం 9.15 మీటర్ల దూరంలో ఉండాలి, మధ్యలో ఆ వలయం గీసేది అందుకే. విజిల్ పడ్డాకే బంతి కదలాలి. 2016కి ముందు ముందుకే తన్నాలనేవారు, ఇప్పుడు ఎటైనా తన్నొచ్చు. ఎవరు ఎక్కడ ఆడాలో మాత్రం విజిల్‌కి ముందే, డ్రెస్సింగ్ రూమ్‌లోనే తేలిపోతుంది. ఇంకో మాట, గోల్ పడిన ప్రతిసారీ, సెకండాఫ్‌లోనూ మళ్లీ కిక్‌ఆఫే.

పాత_పీఎం:
ఎవరు ఎక్కడ ఆడాలో ముందే తేలిపోతుందని సెంటర్ బ్రదర్ చెప్పిందే అసలు విషయం. పెద్ద ప్రాజెక్టుల్లో ప్లానింగ్ చాలావరకు అయ్యాక, పని మొదలయ్యే ముందు కిక్‌ఆఫ్ పెడతారు. చిన్నవాటిలో ప్లాన్ చేసేవాళ్లూ పని చేసేవాళ్లూ ఒకరే కాబట్టి, అనుమతి రాగానే పెట్టేస్తారు. మీ ఆఫీసులో తలో మాట వినపడేది ఇందుకే.

నా అనుభవం చెప్తాను. ఒక బిల్లింగ్ ప్రాజెక్టులో గంటన్నర స్లైడ్లు చూపించాం, అందరూ బాగుందన్నారు. డిజైన్‌కి ఓకే ఎవరివ్వాలో మాత్రం అడగలేదు. మొదటి స్క్రీన్ క్లయింటు వైపు ముగ్గురి మెయిళ్ల మధ్య మూడు వారాలు తిరిగింది. ఒకరు బటన్ పైకి జరపమంటారు, ఇంకొకరు కిందికి. టీమ్‌లో పిల్లలు రాత్రిళ్లు కూర్చుని మార్చిందే మార్చారు. అది పూర్తిగా నా తప్పే. అప్పటి నుంచి నా చివరి స్లైడ్‌లో ఒకటే పట్టిక: ఏ నిర్ణయం, ఎవరి పేరు, ఎన్ని రోజుల్లో.

డల్లాస్_నుంచి:
ఇక్కడి ఫుట్‌బాల్ వేరు. కిక్‌ఆఫ్ అంటే బంతిని ఎదుటి జట్టుకే తన్నేయడం. మా అమెరికా క్లయింట్లతో మాట్లాడేటప్పుడు నాకు అదే గుర్తొస్తుంది, సేల్స్ వాళ్లు ఒప్పుకొచ్చిన పని మన చేతికొచ్చే రోజు అది. వాళ్లేం మాటిచ్చారో ముందే కనుక్కోండి.

గుంటూరు_అమ్మాయి:
మా నాన్నగారికి ‘కొబ్బరికాయ కొట్టాం’ అని చెప్తుంటాను గానీ, అది సరిపోదనిపిస్తోంది. ముహూర్తానికి కథ రెడీ కాకపోయినా క్లాప్ కొట్టొచ్చు. ఇక్కడ అలా కుదరదు.

కొత్త_లీడ్:
పాత_పీఎం గారూ, చాలా థ్యాంక్స్. ఆ పట్టికలో నాకు రెండు పేర్లు ఖాళీగా ఉన్నాయి. మీటింగ్ బుధవారానికి మార్చమని ఇప్పుడే మెయిల్ పెట్టాను. ఓకే ఎవరిస్తారో రేపు పొద్దున క్లయింటు మేనేజర్‌కి ఫోన్ చేసి అడుగుతాను.